అల్లం రసంలో నానో కణాలు నిజంగా ఉంటాయా?

కలిగిరి కుర్రోడు:
మొన్న కావలి బస్టాండ్ బయట ఒకాయన ‘నానో అల్లం’ అని చిన్న డబ్బా రూ.450కి అంటగట్టాడు. మూత తీసి వాసన చూస్తే మామూలు శొంఠి పొడే. మా జేజి పొద్దున్నే అల్లం దంచి రసం పిండి, గ్లాసులో కాసేపు కదపకుండా ఉంచి, అడుగున తెల్లగా పేరుకున్న ‘సున్నం’ వదిలేసి పైతేట మాత్రం వంచి తేనె కలిపి ఇస్తుంది. డబ్బా చూసి ఒకటే నవ్వు. అసలు చెట్ల మందుల్లో నానో కణాలు వాటంతటవే ఉంటాయా? గ్యాస్ ట్రబుల్ కోసం కొన్నా, తిట్టకుండా చెప్పండి.

ఒంగోలు మైక్రోబయాలజీ:
ఉంటాయి తమ్ముడూ. మొక్కల్లో పైన కొవ్వు పొర ఉన్న బుల్లి సంచుల్లాంటివి ఉంటాయి, లోపల ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారం మోసే పదార్థం) ముక్కలు, కొంచెం ఆ మొక్క ఘాటు. మిల్లీమీటర్‌ని పది లక్షల ముక్కలు చేస్తే ఒకటి నానోమీటర్, ఇవి చాలావరకు 50 నుంచి 500 నానోమీటర్ల లోపే. అల్లం సంచులు తాగించిన ఎలుకల్లో పెద్దపేగు వాపు తగ్గింది. 2018లో వచ్చిన పేపర్లో అయితే వాటిలోని ఆర్‌ఎన్‌ఏని పేగులోని లాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా లోపలికి తీసుకుంటుందని చూపించారు. ఎలుకల్లో, గుర్తుపెట్టుకో.

ఇంకోటి, జేజి వదిలేసేది సున్నం కాదు, అల్లంలోని పిండి. ల్యాబ్‌లోనూ మొదటి పని అదే, తాజా రసాన్ని సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే మిషన్లో పెట్టి, ముందు తక్కువ వేగంతో తిప్పి పిండి, పిప్పి కిందికి దించేస్తారు. ఆ పైతేటని భూమ్యాకర్షణకి లక్ష రెట్ల బలంతో గంటకు పైగా తిప్పితేగానీ ఈ సంచులు దిగవు.

కలిగిరి కుర్రోడు:
ఆ పొడి నీళ్లలో కలిపి ఫోన్ టార్చ్ వేస్తే వెలుగు గీతలా కనపడింది అన్నా, అది నానోనేనా?

ఒంగోలు మైక్రోబయాలజీ:
నీళ్లలో నాలుగు చుక్కలు పాలు వేసి చూడు, అదే గీత. పాలల్లో కేసిన్ అనే ప్రొటీన్ ఉండలూ నానో సైజే, అంతమాత్రాన మందు అయిపోతాయా? ఎండబెట్టి దంచాక ఆ కొవ్వు సంచులు ఎన్ని మిగిలాయో కొలిచిన రిపోర్ట్ ఉంటే అడుగు.

కనిగిరి అక్క:
సైజు సంగతి సరే, ఇంకేం మాత్రలు వాడుతున్నావో అది చెప్పు ముందు. మా ఇంటాయనకి రక్తం పల్చబడే మాత్రలు ఉన్నాయి, రోజూ అల్లం రసం వద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. తిప్పతీగ వాడిన కొందరికి లివర్ దెబ్బతిందని 2021లో ముంబై డాక్టర్లు రాశారు, ఆయుష్ వాళ్లు ఒప్పుకోలేదనుకో. చెట్టుదే కదా అని గుడ్డిగా తాగకు.

కలిగిరి కుర్రోడు:
మాత్రలేం లేవక్కా. డబ్బా జేజికి ఇచ్చేశా, చారులో వేస్తానంటా ఉంది.