సెకండ్ హ్యాండ్ ఈవీ: పెట్రోల్ లేదు సరే, చేతి చమురు ఎంత వదులుతుంది?

కొత్తచక్రం:
ఆరేళ్ల ఎలక్ట్రిక్ కారొకటి చూసి వచ్చాను. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. బండి నచ్చింది, ధరా నచ్చింది. ఇంట్లో మాత్రం "బ్యాటరీ పోతే ఇంకో కారు కొన్నంత అవుతుందట" అని ఒకటే గోల. నిజంగా ఏమేం పోతాయి, ఎంత అవుతుంది? యూట్యూబ్ జ్ఞానం వద్దు, జేబులోంచి తీసి కట్టినవాళ్లు చెప్పండి.

రెండోచెయ్యి:
నాలుగేళ్లుగా వాడుతున్నా. నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టింది పెద్ద బ్యాటరీ కాదు, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ. ముందురోజు సాయంత్రం సంబంధం లేని హెచ్చరికలు ఏడెనిమిది వచ్చాయి, సాఫ్ట్‌వేర్ గొడవలే అని వదిలేశా. మర్నాడు టీ తాగి వచ్చేసరికి డోరు కూడా తెరుచుకోలేదు. పెద్దదాంట్లో 70 శాతం ఛార్జ్ ఉంది, ఏం లాభం? దాన్ని బండికి కలిపే కాంటాక్టర్లు (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చులు) పట్టుకోవాలంటే ఈ చిన్నదే కరెంటివ్వాలి. ఖర్చు మాత్రం పెట్రోలు కారు బ్యాటరీకి అయినంతే.

స్పానర్‌మామ:
కొత్తది వేసినా మూణ్ణెల్లకే మళ్లీ చచ్చిందంటే బ్యాటరీని తిట్టకండి, దాన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టర్ చూపించండి. 2024లో ఐయోనిక్ 5, ఈవీ6 లాంటి కార్లను వెనక్కి పిలిచింది ఇలాంటి గొడవకే. ఐసీసీయూ అనే పెట్టె పాడై చిన్న బ్యాటరీకి ఛార్జ్ అందకపోవడం. అందుకే కొనేముందు ఛాసిస్ నంబరుతో రీకాల్ పనులు ఏమైనా మిగిలాయేమో చూసుకోవాలి. ఒక్కోసారి రీకాల్ మనకే మేలు చేస్తుంది. షెవర్లే బోల్ట్‌కి 2021లో మంటల భయంతో చాలా బళ్లలో బ్యాటరీ మాడ్యూళ్లు (సెల్లుల కట్టలు) ఉచితంగా మార్చారు. అలా మార్చిన బండి దొరికితే ఒళ్లు పాతదైనా గుండె కొత్తదన్నమాట.

కిలోవాట్:
@కొత్తచక్రం, డాష్‌బోర్డు చూపించే రేంజ్ నమ్మకండి. అది నిన్నటిదాకా నడిపినవాడి కాలి బరువు చూసి వేసే లెక్క. ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ లెక్కలు ఫోన్‌లో చూపించే చిన్న పరికరం) పెట్టి ఎస్ఓహెచ్, అంటే కొత్తప్పటి సామర్థ్యంలో ఇంకా ఎంత శాతం మిగిలిందో చదవండి. తర్వాత ఆ బ్యాటరీకి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటుందో లేదో కనుక్కోండి. 2010 చివర్లో వచ్చిన 24 కిలోవాట్ అవర్ నిస్సాన్ లీఫ్ కారుకి అది లేదు, వేడి ప్రాంతాల్లో తిరిగినవి త్వరగా నీరసించాయి. దాని మీటర్లో సామర్థ్యానికి 12 గడులుంటాయి. ఒక్క గడేగా పోయింది అనుకుంటాం, ఆ మొదటి గడి వెనక 15 శాతం దాకా పోయి ఉంటుంది!

ప్లగ్గుపోటు:
నాది ఆన్‌బోర్డ్ ఛార్జర్ కథ, అంటే ఇంటి కరెంటుని బ్యాటరీకి పనికొచ్చేలా మార్చే కారులోని పెట్టె. ఫాస్ట్ ఛార్జింగ్ ఎక్కుతుంది, ఇంట్లో పెడితే ఎక్కదు. షోరూంవాళ్లు పెట్టె మొత్తం మార్చాలన్నారు, కారు కొన్న ధరలో ఆరోవంతు. రెండు రాత్రులు నిద్ర లేదు. చివరికి ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసే ఒకాయన విప్పి చూస్తే లోపల ఒక రిలే మాడింది. షోరూం చెప్పినదాంట్లో పదోవంతుతో తేలిపోయింది. నాకైతే అర్థమైంది ఇదే: ఈ బళ్లలో పోయిన ముక్క ఖరీదు కాదు మనం కట్టేది, దాన్ని విప్పి చూడని బద్ధకం ఖరీదు.

స్పానర్‌మామ:
ఒప్పుకుంటా తమ్ముడూ, కానీ ఇది చదివి ఎవరూ స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. లోపల 400 వోల్టులు. పెద్ద బ్యాటరీని విడదీసే సర్వీస్ ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో కాసేపు కరెంటు ఉంటుంది. తెలిసినవాడి చేత్తోనే చేయించండి.

చల్లగాలి:
తెలిసినవాడనుకుని ఇచ్చే నేను మునిగాను. ఏసీ తక్కువొస్తోందని మామూలు ఏసీ షెడ్డులో ఇచ్చా. అతను అన్ని కార్లకీ వాడే పీఏజీ ఆయిలే కొట్టాడు. ఈవీ కంప్రెసర్ మోటారు నేరుగా పెద్ద బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది, దానికి కరెంటు పారనివ్వని పీఓఈ రకం ఉండాలి. నాలుగు రోజుల్లో ఇన్సులేషన్ ఫాల్ట్ (కరెంటు లీకవుతోందనే హెచ్చరిక), బండి స్టార్ట్ అవ్వదు. కంప్రెసర్ మార్చి, పైపులన్నీ కడిగించాల్సొచ్చింది. గ్యాసుకని వెళ్తే ఏడాది ఇన్సూరెన్సంత అయింది.

కిలోవాట్:
బ్యాటరీని కూడా ఆ ఏసీ గ్యాసే చల్లబరిచే మోడళ్లు చాలా ఉన్నాయి. ఏసీ నీరసిస్తే ఫాస్ట్ ఛార్జింగ్ కూడా నత్తనడకే.

రెండోచెయ్యి:
బ్రేకులు చెప్పడం మర్చిపోయా. రీజెన్ (మోటారే బండిని ఆపుతూ బ్యాటరీని నింపడం) వల్ల ప్యాడ్లు అరగవు, వాడక డిస్కులు తుప్పుపడతాయి. టైర్లు దానికి రివర్సు, బరువుకీ టార్కుకీ ఊరికే అరుగుతాయి.

కొత్తచక్రం:
అందరికీ థ్యాంక్స్. ఈరోజు డాంగిల్ తీసుకుని వెళ్లా. ఎస్ఓహెచ్ 83. సెల్లుల మధ్య వోల్టేజి తేడా బండి ఆగి ఉంటే 20 మిల్లీవోల్టులు. గట్టిగా తొక్కితే 140 అవుతోంది. ప్రతిసారీ వోల్టేజి పడేది 31వ సెల్లుకే.

ప్లగ్గుపోటు:
ఒక్క మాడ్యూల్ మార్పిస్తే సరి.

స్పానర్‌మామ:
అంత తేలిక కాదు. పాతవాటి మధ్య కొత్తది పెడితే సామర్థ్యాలు కుదరవు, ఆ వయసుకి సరిపడే మాడ్యూల్ వెతికి పెట్టాలి. పైగా ప్యాక్ దించి, ఎక్కించి, మళ్లీ సీలు చేసే కూలే బోలెడు. @కొత్తచక్రం, ఎప్పుడూ అదే సెల్లు కూలబడుతోందంటే అది బలహీనపడినట్టే. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్షా 60 వేల కిలోమీటర్ల వారంటీ ఇస్తాయి, నీ బండికి ఇంకా రెండేళ్లుండొచ్చు. సామర్థ్యం 70 శాతం కిందికి పడలేదని కొట్టిపారేస్తారు. సెల్లు లోపమని రాయించి క్లెయిమ్ పెట్టమను. ఓనరు పేరు మీద ఉండగానే ఆయన చేతే పెట్టించు, తర్వాతే డబ్బు.

కొత్తచక్రం:
సరిగ్గా అదే మాట నిన్న మెసేజ్ పెట్టా మామా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. అప్పట్నించి ఫోన్ ఎత్తట్లేదు.