ఇంగ్లీషు మాటకి నౌన్, యాడ్‌వర్బ్ రూపాలు గుర్తుపట్టేదెలా?

అందరికీ నమస్తే. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ డీఎస్సీకి చదువుతున్నాను. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ దగ్గరే మార్కులు పోతున్నాయి. చివర 'లీ' ఉంటే యాడ్‌వర్బ్ అని నేర్పారు, మరి 'ఫ్రెండ్లీ', 'లవ్లీ' యాడ్జెక్టివ్‌లట! 'ఫాస్ట్ ట్రైన్'లో ఫాస్ట్ యాడ్జెక్టివ్, 'రన్ ఫాస్ట్'లో యాడ్‌వర్బ్. సరే, వాక్యంలో దాని పని చూస్తే తెలిసిపోతుంది. అసలు టెన్షన్ అంతా వాక్యం లేకుండా ఒక్క మాట ఇచ్చి మిగతా రూపాలు రాయమన్నప్పుడే. 'డిసైడ్'కి 'డెసిషన్', 'అరైవ్'కి 'అరైవల్', 'ఫెయిల్'కి 'ఫెయిల్యూర్'. ఏ వెర్బ్‌కి ఏ తోక తగిలించాలో చెప్పే సూత్రం ఏదైనా ఉందా, లేక ఎక్కాల్లా బట్టీ పట్టాల్సిందేనా? 'హార్డ్'కి 'హార్డ్‌లీ' అని రాస్తే అర్థమే మారిపోతుందని మా రూమ్మేట్ అంటోంది, నిజమేనా? ఇవన్నీ తెలుగులో వివరించిన పుస్తకం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాతదైనా పర్లేదు, దొరికేదుంటే పేరు చెప్పండి.