ఫంక్షన్ హాల్ డీజే రాత్రి 12 దాకా మోగుతోంది, ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక సందులోనే ఫంక్షన్ హాల్. ముహూర్తాలున్న రోజుల్లో బరాత్ డీజే పదకొండు దాటినా ఆగదు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. నాన్నకి ఈమధ్యే స్టెంట్ వేశారు, ఒకటే టెన్షన్. వెళ్లి అడిగితే "పోలీస్ పర్మిషన్ ఉంది" అంటున్నారు. ఇంక చేసేదేం లేదా?

జవాబు: పెళ్లిళ్ల సీజన్ కదండీ, 12 దాకా సడలింపు ఉంటుంది. సర్దుకుపోవడమే.

జవాబు: ఆ సడలింపు పెళ్లిళ్లకు కాదండీ. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులు, స్పీకర్లు కుదరవు. సాంస్కృతిక, మతపరమైన పండగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా 12 దాకా అనుమతించవచ్చు. ఆ రోజులు ముందే ప్రకటించాలి. ఒకరి ఇంటి పెళ్లి కోసం స్టేషన్‌లో రాసిచ్చేది కాదది.

తలుపులు మూసిన హాల్లో పాటలు పెట్టుకుంటే మినహాయింపు ఉంది. అలాగని బయటికి ఎంతైనా వినిపించొచ్చని కాదు. ఇళ్లున్న ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర దానికి 5కి మించి ఎక్కువ ఉండకూడదు. అద్దాలు అదిరాయంటే లెక్క ఎక్కడికి పోయిందో కొలవక్కర్లేదు!

"పర్మిషన్ ఉంది" అంటే కాగితం చూపించమనండి, అందులో టైమ్ చూడండి. మోగుతున్నప్పుడే 100కో 112కో ఫోన్ చేయండి, తెల్లారాక చెబితే ఎవరూ ఏం చేయలేరు. టైమ్ కనబడేలా వీడియో తీయండి. ఫోన్ యాప్‌లో డెసిబెల్స్ చూపించి వాదనకు దిగకండి, ఆ రీడింగ్‌ని ఎవరూ ఒప్పుకోరు. మళ్లీ మళ్లీ జరిగితే స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నలుగురు ఫ్లాట్ల వాళ్ల సంతకాలుంటే బరువు వేరు.

ప్రశ్న: హైదరాబాద్‌లో డీజేలు 2024లోనే బ్యాన్ చేశారుగా?

జవాబు: ఆ అక్టోబర్‌లో పోలీసులిచ్చిన ఉత్తర్వు మతపరమైన ఊరేగింపులకు. మీరు పది గంటల రూలే పట్టుకోండి, చాలు.

ప్రశ్న: నిన్న 10:20కి ఫోన్ చేశా. పెట్రోలింగ్ బండి వచ్చింది, డీజే ఆపారు. బండి వెళ్లగానే బ్యాండ్ మేళం మొదలు. స్పీకర్ లేదుగా అన్నారు!

జవాబు: 2010 సవరణలో వాయిద్యాలు కూడా చేర్చారండీ. రాత్రి పది తర్వాత ఆరుబయట బ్యాండ్ కూడా వాయించకూడదు. మళ్లీ ఫోన్ చేయండి.