అప్‌డేట్: మారమురెష్ ఇళ్ల ఫొటోలు

రొమేనియా ఉత్తరాన ఉన్న మారమురెష్ పల్లెల్లో పాత చెక్క ఇళ్లని లోపల ఎలా ఫొటో తీయాలి, పెద్దవాళ్లని ఎలా అడగాలి అని పోయిన నెల అడిగాను కదా. బ్రెబ్ అనే ఊరు వెళ్లొచ్చాను.

ఫ్లాష్ వద్దన్న సలహా బంగారం. చిన్న కిటికీలు, నల్లబడ్డ దూలాలు. ట్రైపాడ్ పెట్టి ఒక్కో ఫొటోకి షట్టర్ రెండు సెకన్లు తెరిచి ఉంచాను. మొదటిరోజు అసలు కెమెరా బయటికే తీయలేదు. రెండోరోజు ఒక అవ్వ హొరింకా పోసిచ్చి (ప్లమ్ పళ్ల సారా లాంటిది, గొంతు మండిపోయింది) తనే మంచి గది తలుపు తీసింది. అందులో ఎవరూ పడుకోరు. గోడ నిండా రంగుల మట్టి పళ్లేలు, దేవుడి పటాలకి కుట్టుపని తువ్వాళ్లు, మంచం మీద కప్పు దాకా పెళ్లినాటి దుప్పట్లు.

పక్కనే కొడుకు ఇటలీ సంపాదనతో కట్టిన రెండంతస్తుల కాంక్రీటు ఇల్లు, తాళం వేసి ఉంది. మా కరీంనగర్ వైపు గల్ఫ్ ఇళ్లే గుర్తొచ్చాయి. నేను పాత గడప దగ్గర కూర్చోమంటే, అవ్వ వెళ్లి కొత్త ఇంటి ముందు నిలబడింది. ఒప్పుకోవాలి, అన్నిట్లోకి అదే బాగా వచ్చింది.

ఈస్టర్‌కి పిల్లలొస్తారట. ప్రింట్లు అప్పుడు తీసుకెళ్తాను.