ట్రెమొలో బార్ వాడితే మూడవ తీగ శ్రుతి ఎందుకు పెరిగిపోతోంది?

1983లో డబ్లిన్‌లో మొదలైన మై బ్లడీ వాలెంటైన్ బృందం, 1991 నాటి ‘లవ్‌లెస్’ ఆల్బమ్‌తో షూగేజ్ (గిటార్ నాదాలను పొరలుపొరలుగా దట్టంగా పేర్చే రాక్ శైలి) సంగీతానికే కొలమానంగా నిలిచింది. తరువాతి ఆల్బమ్ 2013లో గాని రాకపోయినా, గిటార్ వాయించేవారిపై ఆ ప్రభావం తగ్గలేదు. ఆ బృందపు గిటారిస్ట్ కెవిన్ షీల్డ్స్ ట్రెమొలో బార్‌ను (తీగల బిగువును మార్చి స్వరాన్ని వంచే కడ్డీని) చేతిలో పట్టుకునే స్ట్రమ్ చేస్తూ స్వరాలను మెల్లగా వంచుతారు. ఆ ఊగే నాదమే వారి సంగీతానికి ప్రాణమని నా నమ్మకం.

సికింద్రాబాద్‌లోని మా సాధన గదిలో, స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్‌పై మూడు వారాలుగా ఇది ప్రయత్నిస్తున్నాను. నాలుగైదు నిమిషాలకే మూడవ తీగ, అంటే జి, ట్యూనర్‌లో సుమారు 15 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో వందో వంతు) పెరిగిపోతోంది. మిగతా తీగలు నిలకడగానే ఉంటున్నాయి. బార్‌ను నొక్కి వదిలినప్పుడు నట్ (గిటార్ మెడ చివర తీగలు ఆనే గాళ్ల పట్టీ) దగ్గర ‘టిక్’మని సన్నని చప్పుడు వినిపిస్తోంది, ఆ తీగను వేలితో కాస్త లాగగానే శ్రుతి మళ్లీ సరిపోతోంది.

9 గేజ్ తీగలు తీసి కాస్త మందమైన 10 గేజ్‌వి వేశాను, వాటిని బాగా సాగదీశాను, నట్ గాళ్లలో పెన్సిల్ పొడి రాశాను, గిటార్ వెనుక ట్రెమొలో స్ప్రింగులను 3 నుంచి 4కు పెంచాను. అయినా మార్పు లేదు.

ఇలాంటప్పుడు నట్‌లో ఆ ఒక్క గాడిని వెడల్పు చేయిస్తే సరిపోతుందా, లేక నట్‌నే మార్పించాలా?