సమస్యాపూరణం: బాల్యసఖుని గాంచి పాఱిపోయె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం; మిగతా మూడు పాదాలూ మీరు రాసి పద్యం పూర్తిచేయాలి. చిన్ననాటి నేస్తాలు పెద్దయ్యాక కలుసుకోవడం, తొలివలపు: ఇదీ సందర్భం. యువతరం చదివే నవలలో ఒక ఘట్టంలా ఉండాలి. పారిపోయింది ఎవరో, ఎందుకో తేల్చడమే మీ పని.

సభ్యురాలు, కోనసీమ:

ఊరి తేరు చూడ నొకనాఁడు వచ్చిన
పట్నవాసి యైన పడుచుపిల్ల
తలఁపులోన దాఁగు తొలివల పెదురైన
బాల్యసఖుని గాంచి పాఱిపోయె

నిర్వాహకుడు: మూడో పాదంలో ప్రాసయతి (యతిస్థానంలో మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం కలవడం) చక్కగా కుదిరింది. 'పట్నవాసి' మాత్రం వైరిసమాసం, అంటే తెలుగు మాటనూ సంస్కృత పదాన్నీ కలిపిన దుష్టసమాసం. 'పట్టణమున నున్న పడుచుపిల్ల' అంటే గణాలూ యతీ చెడవు. మరొకటి, వలపు ఎదురైతే పారిపోవడం ఎందుకమ్మా? చిక్కుముడి విప్పకుండానే ముగించారు.

సభ్యురాలు: సవరణ సరేనండీ, కారణం మాత్రం చెప్పను. మాది అంతర్వేది దగ్గర. భీష్మ ఏకాదశినాడు తేరు లాగే జనంలో అతను హఠాత్తుగా ఎదురుపడితే ఏ పిల్లయినా ముందు జనంలోకి జారుకుంటుంది. ఎందుకు జారుకున్నానా అని ఆ తర్వాత ఆలోచిస్తుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల తన మనసును పద్యంలో విప్పిచెబితే అది నవల కాదు, ఉపన్యాసం.

నిర్వాహకుడు: ఒప్పుకున్నాను.

విశ్రాంత తెలుగు పండితులు:

అచ్యుతుండు మురిసి యటుకులు చవిచూడ
నంతలోఁ గుచేలు నంటు లేమి
వెంట వచ్చి కోట వెలుపల నిలుచుండి
బాల్యసఖుని గాంచి పాఱిపోయె

నిర్వాహకుడు: మాస్టారూ, పారిపోయింది పేదరికం! సాందీపని దగ్గర కలిసి చదువుకున్న ఇద్దరినీ భలే పట్టుకొచ్చారు. కానీ తొలివలపు ఎక్కడ? సగం సందర్భానికే పూర్తి మార్కులు.

యువ సభ్యుడు:

కలువరేకు కనులఁ గలికి చూచినయంత
మనసులోన నున్న మాట విరిసె
ఇన్నినాళ్లు దాఁగి యెదనున్న సిగ్గెల్ల
బాల్యసఖుని గాంచి పాఱిపోయె

పండితులు: నాయనా, 'గాంచి' అన్న క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకీ) 'పాఱిపోయె'కీ కర్త ఒక్కటే కావాలి. నా పద్యంలో లేమి వెంట నడిచింది, గుమ్మం బయట నిలబడింది, చూసింది, పారిపోయింది. నీ సిగ్గు ఎదలోనే దాగి ఉందాయె, చూసిందేమో కలికి. సిగ్గుకూ కళ్లివ్వు, దోషం పోతుంది. ఇక కలువరేకుల కళ్లు ఎన్ని పద్యాల్లో చూశామో! నీ పద్యంలోని ఇద్దరికీ చిన్నప్పటి గుర్తు ఏదీ లేదా?

యువ సభ్యుడు: సవరించానండీ.

పలక పంచుకొన్న పాణి తాఁకినయంత
మనసులోన నున్న మాట విరిసె
తొలుతఁ దలుపుచాటు తొంగిచూచిన సిగ్గు
బాల్యసఖుని గాంచి పాఱిపోయె

సభ్యురాలు: తమ్ముడూ, ఇది బాగుంది! నా పిల్ల పారిపోతే నీ పిల్ల నిలబడింది. 'పాణి' ఒక్కటే కాస్త పుస్తకాల వాసన.

పండితులు: ఉండనీ అమ్మా, యతికి కావాలి. పలక పట్టిన చెయ్యి కదా, కాస్త చదువుకున్నట్టు ఉంటే తప్పేమీ లేదు.

మరో సభ్యుడు: ద్రోణుడు, ద్రుపదుడు కూడా బాల్యసఖులే కదా, వాళ్లతో పూరించవచ్చా?

నిర్వాహకుడు: ద్రోణుడు పారిపోలేదండీ, పగబట్టి వెళ్లాడు. పైగా అక్కడ తొలివలపు ఎవరిమీద పెడతారు, అర్ధరాజ్యం మీదా?