జిరాక్స్ షాపు సిస్టమ్‌కి ఏ బ్రౌజర్ పెట్టమంటారు?

తణుకు జిరాక్స్:
నమస్కారం అండి. మాది జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. సిస్టమ్ పాతది. 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10. క్రోమ్‌లో నాలుగైదు ట్యాబులు తెరిచేసరికి మౌస్ కూడా కదలదు. అప్లికేషన్లకి ఆఖరి రోజున కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే టెన్షన్ వచ్చేస్తోంది. మా బావమరిది ఫైర్‌ఫాక్స్ అంటాడు, రిపేరు కుర్రాడు బ్రేవ్ అంటాడు. నెట్‌లో వెతికితే జవాబు దొరకదు, తగువులే దొరుకుతున్నాయి. కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.

గోదారి గట్టు:
ఫైర్‌ఫాక్స్ పెట్టేయండి. క్రోమ్ ర్యామ్ మింగేస్తుందని అందరికీ తెలుసు.

నైట్ షిఫ్ట్:
అందరికీ తెలిసింది పాత మాట. ఎడ్జ్ వాడండి. విండోస్‌తోనే వస్తుంది, వేరే దించుకోనక్కర్లేదు.

ఒంటిచేత్తో టైపింగ్:
బ్రేవ్. ప్రకటనలు ఉండవు. ఇంకేం కావాలి?

పాత మోడెమ్:
అయ్యా, కాసేపు జెండాలు దించండి. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, అన్నిటి లోపలా నడిచేది ఒకటే, క్రోమియం. పేజీని తెర మీదికి తెచ్చే ఇంజన్ అందులోదే. ఒపెరా 2013లో, ఎడ్జ్ 2020 జనవరిలో సొంత ఇంజన్లు వదిలేసి ఇందులోకి వచ్చేశాయి. వీటిలో ఏది గొప్పదనే వాదన ఒకే పిండితో పోసిన దోసెల మీద తగువు లాంటిది. విండోస్‌లో నిజంగా వేరే ఇంజన్ కావాలంటే మిగిలింది దాదాపు ఫైర్‌ఫాక్స్ ఒక్కటే.

ర్యామ్ సంగతి. క్రోమ్ ఎక్కువ వాడుతుందన్నది అబద్ధం కాదు, కానీ ఊరికే వాడదు. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడింది. ఒక ట్యాబులోని సైటు ఇంకో సైటు సమాచారంలోకి తొంగిచూడకుండా, ఒక్కో సైటుని విడివిడి ప్రాసెస్‌లో, అంటే వేరే ప్రోగ్రాములా, నడపడం ఆ ఏడాది నుంచే క్రోమ్‌లో మామూలైంది. దానికీ ర్యామ్ ఖర్చవుతుంది. ఫైర్‌ఫాక్స్ కూడా 2021లో ఇదే దారికి వచ్చింది. కాబట్టి బ్రౌజర్ మార్చినంత మాత్రాన మీ 4 జీబీ 8 అయిపోదు.

ముందు ఈ పని చేయండి. క్రోమ్ తెరిచి ఉండగా షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కండి. చిన్న టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో మెమరీ అన్న గడి మీద నొక్కితే ఎక్కువ తినేవి పైకి వస్తాయి. అక్కడ ఏముందో రాయండి, తర్వాత బ్రౌజర్ గురించి మాట్లాడుకుందాం.

తణుకు జిరాక్స్:
చూశానండి. పైన అప్లికేషన్ సైటే ఉంది. దాని కింద పీడీఎఫ్ మార్చే ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) రెండు, కూపన్లదని ఒకటి, స్క్రీన్‌షాట్ది ఒకటి. కూపన్లది నేనైతే వేయలేదు మరి!

పాత మోడెమ్:
షాపు సిస్టమ్ కదా, ఎవరో ఏదో దించుకుంటూ ఓకే కొట్టేసి ఉంటారు. కూపన్లది ఇప్పుడే పీకేయండి. మీరు తెరిచే పేజీలన్నీ చదివే అనుమతి అలాంటివాటికి ఇచ్చేసి ఉంటారు, మీ దగ్గరేమో జనం ఆధార్ నంబర్లు కొడుతుంటారు. పీడీఎఫ్‌వి కూడా అనవసరం. చూడటానికి, ప్రింటు తీయడానికి క్రోమ్, ఎడ్జ్ రెండూ చాలు.

ఇక అసలు సలహా. కస్టమర్ పని ప్రతిసారీ గెస్ట్ విండోలో చేయండి. పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కితే గెస్ట్ అని ఉంటుంది, ఎడ్జ్‌లో కూడా ఉంది. అందులో ఎక్స్‌టెన్షన్లు నడవవు, కాబట్టి తేలిగ్గా ఉంటుంది. మూసేయగానే లాగిన్లు, హిస్టరీ పోతాయి. దించిన ఫైళ్లు మాత్రం డౌన్‌లోడ్స్‌లోనే ఉండిపోతాయి, సాయంత్రం షట్టర్ దించే ముందు అవి మీరే తుడవాలి. డిజిటల్ సంతకం లాంటి పనులకి ఎక్స్‌టెన్షన్ తప్పనిసరైతే, ఆ ఒక్క పని మామూలు విండోలో చేయండి.

గోదారి గట్టు:
సరే గానీ, ఫైర్‌ఫాక్స్‌కి అసలు లాభమే లేదంటారా?

పాత మోడెమ్:
ఎందుకు లేదు? ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ పూర్తి రూపంలో ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ నడుస్తుంది. క్రోమ్ ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మార్చాక అక్కడ లైట్ అనే చిన్నదే మిగిలింది. ఇంట్లో వార్తలు చదవడానికి నేను ఫైర్‌ఫాక్సే వాడతాను. షాపులో మాత్రం పెట్టమనను. అందులో గెస్ట్ ప్రొఫైల్ లేదు. పైగా కొన్ని సైట్లు క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేస్తారు. అది ఫైర్‌ఫాక్స్ తప్పు కాదు, కానీ ఆఖరి రోజు సాయంత్రం తప్పెవరిదో తేల్చే తీరిక ఎవరికుంది?

గ్రంథాలయం మెట్లు:
ఒకప్పుడు ఈ గొడవకి అర్థం ఉండేది లెండి. మన దినపత్రికల సైట్లు కొన్ని సొంత ఫాంటు పెట్టుకునేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే తెలుగు, ఇంకోదాంట్లో తెరిస్తే పిచ్చిగీతలు. ఫైర్‌ఫాక్స్‌కి పద్మ అనే యాడాన్ ఉండేది, ఆ ఫాంటు అక్షరాల్ని యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లకీ ఒకటే అయిన అక్షరాల పద్ధతిలోకి, మార్చి చూపించేది. అది వేసుకున్న రోజు పండగే. యూనికోడ్ అంతటా వచ్చాక ఏ బ్రౌజర్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపిస్తోంది.

తణుకు జిరాక్స్:
గెస్ట్‌లో చేసి చూశానండి, తేడా బాగా తెలుస్తోంది. ఇంకో సందేహం. ఫీజు కట్టేటప్పుడు బ్యాంకు పేజీ రాకుండా ఖాళీగా ఉండిపోతోంది.

నైట్ షిఫ్ట్:
అది పాపప్ అడ్డుకోవడం అయి ఉంటుంది. అడ్రస్ బార్ కుడిచివర చిన్న గుర్తు వస్తుంది, దాని మీద నొక్కి ఆ సైటుకి అనుమతి ఇవ్వండి. డబ్బు కట్ అయిందో లేదో చూసుకోకుండా రెండోసారి పే కొట్టకండి. బ్రేవ్‌లో అయితే ప్రకటనలు అడ్డుకునే షీల్డ్స్ కూడా ఆ సైటుకి ఆపాల్సి రావచ్చు.

ఒంటిచేత్తో టైపింగ్:
నిజమే, షాపుకి బ్రేవ్ కొంచెం తలనొప్పే.

పాత మోడెమ్:
క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ ఆన్ చేయండి, వాడని ట్యాబుల్ని నిద్రపుచ్చుతుంది. మౌస్ కూడా కదలకపోవడానికి అసలు కారణం, ర్యామ్ నిండిపోయి సిస్టమ్ దాని బదులు నెమ్మదైన హార్డ్ డిస్క్‌ని వాడుకోవడం. చేతిలో డబ్బు ఆడినప్పుడు హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించి, ఇంకో 4 జీబీ ర్యామ్ పెట్టించండి. రిపేరు కుర్రాడు బ్రౌజర్ మార్చడం కంటే ఆ పని చేస్తే మేలు. క్రోమ్‌లో ఇప్పటికే సేవ్ అయి ఉన్న కస్టమర్ల పాస్‌వర్డులు ఈ రాత్రికే తీసేయండి, సేవ్ చేయమంటారా అని అడిగే ఆప్షన్ కూడా ఆపేయండి.

తణుకు జిరాక్స్:
పాస్‌వర్డుల లిస్టు తెరిస్తే మా వీధి వీధంతా ఉందండి అందులో. తీసేస్తున్నాను.